‘తెలుగు లెస్స’ కింద ఎవరి పేరు?

ప్రశ్న (దేవరకొండ): మా బడి గోడ మీద ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అని రాయించి, కింద శ్రీకృష్ణదేవరాయలు అని పెట్టించాం. వార్షికోత్సవానికి వచ్చిన ఒక పెద్దాయన ‘అది శ్రీనాథుడిది కదా’ అనేసి వెళ్లారు. పేరు ఉంచాలా, చెరిపించాలా?

జవాబు (మహబూబ్‌నగర్): సార్, రాయలు రాసిన ఆముక్తమాల్యద కావ్యంలో ఆ మాట ఉన్నది నిజమే. అయితే అక్కడ పలికింది రాయలు కాదు. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు (కృష్ణా జిల్లా శ్రీకాకుళం గుడి దేవుడు) రాయలకు కలలో కనిపించి, తెలుగులో కావ్యం చెప్పమంటూ అన్నది:

తెలుఁగదేల యన్న దేశంబు దెలుఁగేను
దెలుఁగు వల్లభుండఁ దెలుఁగొకండ
యెల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స

రాయల ఏలుబడి 1509–1529. అంతకు చాలా ముందే క్రీడాభిరామం అనే నాటకంలో ఈ పద్యం ఉంది:

జనని సంస్కృతంబు సకల భాషలకును
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స
జగతిఁ దల్లికంటె సౌభాగ్యసంపద
మెచ్చుటాడుబిడ్డ మేలు గాదె

రెండూ ఆటవెలదులే. ఆటవెలదిలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ ఐదేసి సూర్యగణాలు. కాబట్టి క్రీడాభిరామంలోని రెండో పాదం ఆముక్తమాల్యదలో నాలుగో పాదంగా, అక్షరం కదలకుండా, హాయిగా కూర్చుంది. రాయలు ఎరిగే ఎత్తుకున్నారని నా నమ్మకం. దాన్ని చోరీ అనను. నలుగురి నోటా నానిన పాదాన్ని దేవుడి నోట పెట్టడం గడుసుతనం.

మీ పెద్దాయన మాటకూ ఆధారం ఉంది. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్నా, అసలు రాసింది శ్రీనాథుడేనని వాదించిన పండితులున్నారు.

మన వైపు వారికి ఇంకో ముచ్చట. ‘వీథి’ అనే రకానికి చెందిన ఆ నాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు తిరిగేది ఓరుగల్లు వీధుల్లోనే. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయుల కాలం నాటి జనజీవితం రాయడానికి ఈ పుస్తకాన్ని బాగా వాడుకున్నారు. 1955లో సాహిత్య అకాడమీ తొలి తెలుగు పురస్కారం పొందిన గ్రంథం అది.

వ్యాఖ్య (నల్లగొండ): అయితే ఇద్దరి పేర్లూ రాయించండి.

ప్రశ్న వేసినవారు: వల్లభరాయుడని రాయిస్తే ఆ పెద్దాయన మళ్లీ వస్తారు. కవి పేరు తీసేసి ‘క్రీడాభిరామం, ఆముక్తమాల్యద’ అని పుస్తకాల పేర్లే రాయిస్తాను. పెయింటరు సోమవారం వస్తానన్నాడు.