అప్‌డేట్: ఏఎఫ్‌లో పైగదులు 400, ఈసీజీలో 132 - మిగతావి ఎక్కడ ఆగుతున్నాయి?

ఏఎఫ్‌లో (ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె లయ తప్పే జబ్బు) కర్ణికలు, అంటే గుండె పైగదులు, నిమిషానికి 350-600 సార్లు అదురుతుంటే జఠరికల (కిందిగదుల) రేటు 130 దగ్గరే ఎందుకుంటోందని అడిగాను. చిక్కుముడి ఏవీ నోడ్‌లోనే (పైగదుల నుంచి కిందిగదులకి సిగ్నల్ దాటే చోటు) విడింది. ఒక సిగ్నల్‌ని దాటించాక నోడ్ కాసేపు మొద్దుబారుతుంది, అది తెలిసిందే. నేను వదిలేసింది ఇంకోటి: సగం దూరం వచ్చి ఆరిపోయిన సిగ్నల్ కూడా నోడ్‌ని మొద్దుబార్చే పోతుంది. దాంతో వెనకొచ్చేదీ ఆగిపోవచ్చు. ఈసీజీలో దాని జాడ నేరుగా కనబడదు. బీట్ల మధ్య ఎడం ఏ లెక్కకూ అందకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

ఇక ఈసీజీ స్ట్రిప్‌లో ఒక్క క్యూఆర్‌ఎస్ (జఠరికల బీట్‌కి పడే గీత) మిగతావాటికన్నా వెడల్పుగా ఉంది, దాని సంగతి. దానికి ముందు ఓ పెద్ద ఎడం, వెంటనే చిన్నది. పెద్ద ఎడం తర్వాత కుడి బండిల్ (కుడి జఠరికకి సిగ్నల్ మోసే దారి) తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈలోపే బీట్ వచ్చిపడింది, అందుకే వెడల్పయింది. యాష్‌మన్ బీట్ అన్నమాట. అలాగని వెడల్పాటివన్నీ ఇవేనని వదిలేయకూడదు, వీటీ (జఠరికల్లోనే పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ) కూడా కావచ్చు.

రేటుకి 10 సెకన్ల స్ట్రిప్‌లో ఆర్‌లు (క్యూఆర్‌ఎస్‌లో పైకి లేచే మొనలు) లెక్కపెట్టి 6తో హెచ్చించాలి: 22 ఉంటే 132. రెండు ఆర్‌ల మధ్య గళ్లు లెక్కపెడితే ఇక్కడ తప్పుతుంది. మణికట్టు దగ్గర నాడి ఈసీజీ రేటుకన్నా తక్కువ దొరికిందా? తొందరగా వచ్చిన బీట్‌కి జఠరిక సరిగా నిండదు, ఆ దెబ్బ చేతిదాకా రాదు.