అంతరతామర నీటిలోని రాగిని తొలగించిందని చెప్పవచ్చునా?

సైన్స్ ఉపాధ్యాయుడు, నల్గొండ:
మా పదవ తరగతి విద్యార్థులు బోరు నీటిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి, లీటరుకు 5 మిల్లీగ్రాముల రాగి ఉండేలా చేసి, అందులో చెరువు నుంచి తెచ్చిన, నీటిపై తేలుతూ పెరిగే అంతరతామర మొక్కలను పెంచారు. వారం తరువాత పైనున్న నీటిని పరీక్షించగా రాగి చాలావరకు తగ్గింది. నీటి మొక్కలు లోహాన్ని తొలగిస్తాయనడానికి ఇది చాలునని నా అభిప్రాయం. కలుషితమైన మూసీ నీటితో సాగు చేసే మన ప్రాంతానికి ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది. ఫ్లోరైడ్‌కు కూడా పనికిరావచ్చు.

రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, మిర్యాలగూడ:
సార్, ఇది చాలదు. మొక్కలు లేని తొట్టిని పక్కన పెట్టి పోల్చారా? మన బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ, క్షారగుణమూ ఉంటుంది. అటువంటి నీటిలో మైలుతుత్తం వేస్తే, మొక్క ఉన్నా లేకున్నా రాగిలో కొంత భాగం కార్బొనేట్‌గా, హైడ్రాక్సైడ్‌గా మారి అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే పరీక్షిస్తే, నీరు తనంతట తాను వదిలిన రాగిని కూడా మొక్క ఖాతాలో వేసినట్లవుతుంది. మరోవైపు మన ఎండలకు నీరు ఆవిరై మట్టం తగ్గితే మిగిలిన రాగి గాఢత పెరిగి, మొక్క చేసిన పని తక్కువగా కనిపిస్తుంది; కాబట్టి తగ్గినంత మేరకు స్వేదనజలం పోస్తూ ఉండాలి. ఉదాహరణకు, లీటరుకు 5 చొప్పున పది లీటర్లలో 50 మిల్లీగ్రాముల రాగి వేసినప్పుడు, నీటిలో, అడుగు మడ్డిలో, తొట్టి గోడలపై, మొక్కలో దొరికినది కలిపితే 50కి దగ్గరగా రావాలి. ఆ లెక్క తేలనిదే తొలగింపు అనే మాట వాడకూడదు. ఇక ఫ్లోరైడ్ లోహం కాదు. దానికి పటిక, సున్నంతో శుద్ధిచేసే నల్గొండ పద్ధతి వేరే ఉంది.

రైతు, వలిగొండ:
మూసీలో గుర్రపుడెక్క పెరిగి అక్కడే కుళ్లిపోవడం మేము చూస్తూనే ఉన్నాము. అది లోహాన్ని పీల్చుకున్నదే అయినా, కుళ్లిన తరువాత ఆ లోహం మళ్లీ నీటిలోకి రాదా మేడమ్? బయటికి తీసిన మొక్కను పశువులకు వేయవచ్చా?

అధ్యాపకురాలు:
వస్తుందండీ. అందుకే కుళ్లకముందే తీసివేయాలి. లోహం పట్టిన మొక్కను మేతగా వేయకూడదు, ఎరువుగానూ వాడకూడదు.

ఉపాధ్యాయుడు:
మేడమ్, మొక్కలో రాగిని కొలిచే పరికరం ప్రభుత్వ పాఠశాలలో ఎక్కడుంటుంది? ఇన్ని షరతులు పెడితే పిల్లలు ప్రయోగానికే దూరమవుతారు.

అధ్యాపకురాలు:
పరికరం లేకపోయినా రెండు తొట్లు అదనంగా పెట్టగలరు కదా సార్. ఒకదానిలో మొక్క లేకుండా రాగి కలిపిన నీరు మాత్రమే, మరొకదానిలో అదే నీటిలో ఎండబెట్టిన అంతరతామర వేర్లు ఉంచండి. ఎండిన వేర్లతో కూడా రాగి అంతే తగ్గితే, అది మొక్క జీవక్రియ వల్ల కాక వేరు పైభాగానికి అంటుకోవడం వల్ల తగ్గినదని భావించవచ్చు. మూడు తొట్ల ఫలితాలను పక్కపక్కన రాసి పంపండి, వాటిపైనే మాట్లాడుకుందాం.