గుడ్ల డబ్బాల్లో పడుకుంటున్న కోళ్లు: కట్టె అలవాటు చేయాలా, చెట్టుకు వదిలేయాలా?

హన్మకొండ పెరడు:
సలహా కావాలి. మా పెరట్లో ఐదు గ్రామప్రియ (గుడ్ల కోసం పెంచే మెరుగు జాతి) పెట్టలు, మూడు నాటువి, ఒక పుంజు. రేకుల గూడు కట్టించి లోపల రెండడుగుల ఎత్తులో పీవీసీ పైపు అడ్డం వేశాను. దాని మీద ఒక్కటీ ఎక్కదు. గ్రామప్రియలన్నీ గుడ్ల డబ్బాల్లో దూరి పడుకుంటున్నాయి, పొద్దున గుడ్లన్నీ రెట్టే. నాటువి మూడూ యాప చెట్టెక్కుతున్నాయి.

పరకాల అక్క:
ముందు ఆ పైపు తీసేయండి. కోడి కూర్చున్నప్పుడు కాలి వేళ్లకు కట్టె మీద గట్టి పట్టు దొరకాలి. నున్నటి పైపు మీద అది నిలవదు. రెండంగుళాల వెడల్పున్న చెక్క తెచ్చి, అంచులకు రందా పట్టించి వేయండి. ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల జాగా కావాలి. ఇంతకీ డబ్బాలు ఎంత ఎత్తులో ఉన్నాయి?

జమ్మికుంట:
పైపు తీయక్కర్లేదు. గోనెపట్టా చుట్టండి, పట్టు దొరుకుతుంది.

హన్మకొండ పెరడు:
డబ్బాలు గోడకు మూడడుగుల పైన ఉన్నాయక్కా.

నర్సంపేట రైతు:
తమ్ముడూ, నాటుకోడికి కట్టె నేర్పడమేంది? గూడు పిల్లలకు, పొదుగుడు పెట్టకు. రెక్కలొచ్చిన కోడి చెట్టు మీదే పండుకుంటది. మా ఇంట్లో చింతచెట్టు కొమ్మల మీద పుంజు పైన, పెట్టలు కింద, ఎవరి చోటు వాళ్లదే. గాలి ఆడుతది. మూడు కోళ్లు సరైన పని చేస్తుంటే వాటిని కూడా చెడగొట్టుకుంటారా?

పరకాల అక్క:
గోనెపట్టా అసలే వద్దు. ఎర్ర పేలు పగలంతా ఆ మడతల్లో దాక్కుని రాత్రి కోడి రక్తం తాగుతాయి. పగలు కోడిని పట్టి చూస్తే ఒక్కటీ కనపడదు. కట్టె చివర్లు, గోడకు ఆనే సందులు చూడాలి.
నర్సంపేట అన్నా, చెట్టు బాగానే ఉంటుంది, జంగపిల్లి రానంత వరకు. చీకట్లో కోడికి కళ్లు సరిగా ఆనవు, ఎటూ ఎగరలేదు. ముసురు పట్టినప్పుడు రాత్రంతా తడుస్తుంది. వనరాజ లాంటి బరువు జాతి కోడికి కొమ్మ ఎక్కడం కష్టం, ఎక్కినా దూకేటప్పుడు పాదాలు దెబ్బతిని వాయొచ్చు.

జమ్మికుంట:
గోనెపట్టా వారానికోసారి మారిస్తే పేలు ఎక్కడి నుంచి వస్తాయి?

నర్సంపేట రైతు:
ఆయన దగ్గర వనరాజ ఎక్కడుంది? అడిగింది గ్రామప్రియ, నాటు గురించి. పుస్తకం చదివి కోళ్లు పెంచేవాళ్లు ఇట్లనే చెప్తరు.

పరకాల అక్క:
నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఒక మాట అడుగుతా, సూటిగా చెప్పండి. పొద్దుగూకే యాళ్లకు మీ ఇంట్లో కోళ్లు లెక్కపెట్టేది ఎవరు? మీరా, వదినా? చెట్టు మీద ఒకటి పోతే మీకు 'పోతే పోయింది'. మా ఊళ్లో గుడ్ల పైసలతోనే పిల్లల నోటుబుక్కులు కొనే ఆడవాళ్లున్నారు. మా అమ్మా అంతే. జంగపిల్లి ఒక్క రాత్రిలో మూడు పెట్టలను చంపితే, చెట్టు కింద ఈకలు ఏరుకుంటూ ఏడ్చింది. ఆ రోజు మా నాన్న కూడా 'కోడి చెట్టు మీదే పండుకుంటది' అనే అన్నాడు.

నర్సంపేట రైతు:
అయితే నేనూ చెప్తా వినండి. మా అమ్మ కూడా గూట్లోనే పెట్టింది. ఉచితంగా వచ్చిన రేకుల గూడు, మంచి తలుపు, మంచి గొళ్లెం. కుక్కల భయానికి బిగించి పండుకుంది. మే నెల. తెల్లారి తీస్తే కోళ్లన్నీ నోళ్లు తెరిచి, రెక్కలు విడదీసి, తలుపు సందుకు ముక్కులు ఆనించి చచ్చి ఉన్నయి. గూడు ఇచ్చినోళ్లు గాలి గురించి ఒక్క మాట చెప్పలేదు. మీ కట్టె రెండంగుళాలుంటే నాకేంది, నాలుగుంటే నాకేంది? గొళ్లెం పెట్టిన గూట్లోకి నా కోళ్లను పంపను.

మామునూరు విద్యార్థి:
ఇద్దరూ తలుపు గురించి కొట్లాడుతున్నారు, అడిగింది నిద్ర గురించి. ఆయన డబ్బాలు మూడడుగులు, పైపు రెండడుగులు అన్నాడు. కోడి ఎత్తైన చోటే వెతుక్కుంటుంది కాబట్టి డబ్బాల్లోకి పోతోంది. డబ్బాలు దించి, కట్టెను వాటికంటే అడుగు పైన పెట్టండి. అన్ని కట్టెలూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పై కట్టె కోసం పొడుచుకుంటాయి. సాయంత్రం గుడ్లు తీశాక డబ్బాలకు అట్ట అడ్డం పెట్టి, పొద్దున్నే తీసేయండి. చీకటి పడ్డాక ఒక్కో కోడినీ ఎత్తి కట్టె మీద కూర్చోబెట్టండి. వారం పది రోజుల్లో వాటంతటవే ఎక్కుతాయి.

పరకాల అక్క:
ఎత్తు సంగతి నిజమే, అడిగింది నేనే, తర్వాత మాటల్లో పడి వదిలేశాను. అన్నా, ఆ చావు గొళ్లెం వల్ల కాదు. మన దగ్గర మే నెలలో పగలు 45 డిగ్రీలు ఎండితే రేకు రాత్రి కూడా సెగ కక్కుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే ముఖ్యమైన దారి. కోళ్ల తలకు పైన రెండు వైపులా గాలాడే ఇనుప జాలి (వల) ఉండాలి, రేకు మీద వరిగడ్డి కప్పాలి. అప్పుడు తలుపు వేసుకోవచ్చు.

నర్సంపేట రైతు:
జాలి ఉన్న గూడైతే వేరే మాట. మాకిచ్చింది గాలాడని రేకు డబ్బా.

హన్మకొండ పెరడు:
మాదీ నాలుగు వైపులా రేకే. ఈ ఆదివారం రెండు వైపులా పైన కోయించి జాలి కొట్టిస్తా. డబ్బాలు కిందికి దించుతా, చెక్క వేస్తా. నాటువి మూడింటినీ ఏం చేయమంటారు?

నర్సంపేట రైతు:
చెట్టు మీదే ఉండనీ.

పరకాల అక్క:
చీకటి పడ్డాక దించి గూట్లో పెట్టండి. చెట్టు అందకపోతే పొద్దుగూకక ముందే గూట్లో నూకలు చల్లి పిలవండి.