హోటల్ కొన్నాక పాత ఫుడ్ లైసెన్సు మీదే నడపొచ్చా?

బెజవాడ_ఇడ్లీ: విజయవాడలో నడుస్తున్న టిఫిన్ సెంటర్ కొన్నాను. బోర్డు, సామాను, మాస్టర్‌తో సహా. ఫుడ్ లైసెన్సు పాత ఓనర్ పేరు మీదే ఉంది, గడువు ఇంకా చాలా ఉంది. ఆయనేమో నా పేరు తీసేయండి అంటూ రోజూ ఫోన్. అంత కంగారెందుకు? తీరిగ్గా పేరు మార్పించుకుంటే సరిపోదా?

మందులకొట్టు: మూడు నెలల టైం ఉంటుంది, టెన్షన్ పడకండి. మా షాపులో పార్టనర్ మారినప్పుడు అలాగే నడిపాం.

పద్దులపుస్తకం: అది మందుల షాపు సంగతి. ఫారం 20, 21 లైసెన్సులకి సంస్థ యాజమాన్యం మారితే పాతది గరిష్ఠంగా మూడు నెలలు చెల్లుతుంది, ఆలోపు కొత్తది తీసుకోవాలి. ఫుడ్ లైసెన్సుకి ఆ వెసులుబాటు లేదు. 2011 రెగ్యులేషన్లలో 90 రోజుల మాట ఉంది, కానీ అది లైసెన్సుదారు చనిపోతే ఇంట్లోవాళ్ల కోసం. అమ్మకానికి కాదు. మీ పాన్‌తో ఫుడ్ లైసెన్సులిచ్చే ఫోస్కోస్ పోర్టల్‌లో కొత్తది తీసుకోవాలి, ఆయన తనది సరెండర్ చేయాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే వేరు. వాటాలు చేతులు మారినా లైసెన్సు కంపెనీదే.

మందులకొట్టు: 90 రోజులన్నా మూడు నెలలన్నా ఒకటే కదండీ.

పద్దులపుస్తకం: ఆ ఓనర్ బతికే ఉన్నారండీ.

ఒకప్పటి_ఓనర్: ఆయన కంగారు నాకు తెలుసు. నా స్వీట్ షాపు అమ్మాక కొన్నాయన నా లైసెన్సు నంబరే వాడుకున్నాడు. లడ్డూ శాంపిల్ తీసుకెళ్లారు, ఫెయిలైంది. నోటీసు నా పేరున వచ్చింది. జాయింట్ కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగింది నేను. కొన్నాయన ఫోన్ కూడా ఎత్తలేదు. ఆ లడ్డూ నేను చూడను కూడా లేదు.

బెజవాడ_ఇడ్లీ: మీ సంగతి వేరు సార్. నా దగ్గర అంతా శుభ్రం. ఫుడ్ డెలివరీ యాప్‌లో 4.3 రేటింగ్ ఆ నంబరు మీదే ఉంది, మారిస్తే పోతుందేమోనని నా భయం. గుడ్‌విల్ కింద లక్షలు పోసింది దానికే.

పల్లీచట్నీ: ఇడ్లీ బాగుంటే రేటింగ్ అదే వస్తుంది.

పద్దులపుస్తకం: రేటింగ్ తర్వాత. 2022 జనవరి నుంచి 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు బిల్లు మీద తప్పనిసరి. మీ బిల్లు మీద ఎవరిది పడుతోంది? జీఎస్టీ ఎవరిది?

బెజవాడ_ఇడ్లీ: రెండూ ఆయనవే. స్కానర్ మాత్రం నాది.

పద్దులపుస్తకం: అయ్యో. వ్యాపారం చేతికొచ్చిన రోజు నుంచే మీరు రిజిస్టర్ కావాలి, జీఎస్టీ చట్టం సెక్షన్ 22(3). అమ్మకానికి ముందు ఆయన కట్టని పన్నుకి మీరూ బాధ్యులే, సెక్షన్ 85. అమ్మకం ఆయన పేరున, డబ్బు మీ ఖాతాలో. దీన్ని ఏ ఆఫీసర్‌కి ఎలా చెబుతారు?

ఒకప్పటి_ఓనర్: అసలు విషయం చెప్పండి. ఆయన అన్నిసార్లు అడుగుతుంటే ఎందుకు ఆపారు?

బెజవాడ_ఇడ్లీ: సరే వినండి. రెండు వీధుల అవతల తమ్ముడి పేరు మీద మళ్లీ టిఫిన్ సెంటర్ తెరిచాడు. మాస్టర్‌ని కూడా లాక్కుపోయాడు. అందుకే చివరి కిస్తీ ఆపాను. ఫోస్కోస్ లాగిన్ నా దగ్గరే ఉంది. అది ఉన్నంతకాలం దారికొస్తాడు. మోసపోయింది నేనైతే అందరూ నన్నే అడుగుతారేంటి?

ఒకప్పటి_ఓనర్: అంటే తెలిసే పట్టుకున్నారన్నమాట! మీ సాంబారు తాగి ఎవరైనా ఆసుపత్రి పాలైతే కేసు ఆయన మీద. మీకు కావలసింది లైసెన్సు కాదు, తాకట్టు వస్తువు.

పల్లీచట్నీ: పక్కన షాపు పెట్టనని రాయించుకున్నారా?

బెజవాడ_ఇడ్లీ: నోటిమాట. పెద్దమనిషి కదా అనుకున్నాం.

పద్దులపుస్తకం: గుడ్‌విల్ అమ్మినవాళ్లు ఫలానా పరిధిలో అదే వ్యాపారం చేయనని రాసిస్తే, ఆ పరిధి సబబుగా ఉంటే చెల్లుతుంది. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27లోనే ఆ మినహాయింపు ఉంది. ఆ ఒక్క వాక్యం ఉంటే ఇవాళ లాగిన్ దాచుకునే పని ఉండేది కాదు. కిస్తీ గొడవ లాయర్‌తో తేల్చుకోండి, దీంతో కలపకండి.

బెజవాడ_ఇడ్లీ: నా పేరున రేపే అప్లై చేస్తాను. ఆయనది మాత్రం లెక్క తేలేదాకా వదలను.

ఒకప్పటి_ఓనర్: మీరు వదిలేదేముంది? షాపు అమ్మేశానని ఆయనే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి అగ్రిమెంట్ కాపీతో రాసివ్వొచ్చు. ఆయన నాకు తెలిసుంటే ఇవాళే రాయించేవాణ్ణి.