లోక్‌సభల బిల్లు పాసైతే చట్టం అయిపోయినట్టేనా?

హన్మకొండ_గ్రూప్2: అన్నా, లైబ్రరీల మా దోస్తు లోక్‌సభల పాసైతే అయిపోయినట్టే అంటుండు, నాకైతే డౌటే. జర చెప్పుండ్రి.

కాజీపేట_బాబాయ్: కాదు తమ్మీ. రెండు సభలల్ల పాస్ కావాలె, తర్వాత రాష్ట్రపతి సంతకం, గెజిట్‌ల అచ్చు. మన తెలంగాణ బిల్లే యాది చేసుకో, 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభల పాసైతుంటే టీవీల లైవ్ బందైంది, మా ఇంట్ల అందరం గా ఖాళీ తెర దిక్కే చూసుకుంట కూసున్నం, అన్నం గూడ ఎవ్వలు తినలే. 20న రాజ్యసభ, మార్చి 1న సంతకం. అయినా రాష్ట్రం వచ్చింది జూన్ 2నే, ఎందుకంటే అమలు తేదీ వేరుగ నోటిఫై చేస్తరు. పరీక్షల గీడనే తప్పు వోతరు.

ములుగు_టీచర్: మా సమ్మక్క సారక్క గిరిజన యూనివర్సిటీ బిల్లు గూడ గంతే, 2023 డిసెంబర్ 7న లోక్‌సభ, 13న రాజ్యసభ. ఒక్క మనీ బిల్లే (పన్నులు, సర్కారు ఖర్చుల బిల్లు) వేరు, దాన్ని రాజ్యసభ ఆపలేదు, 14 రోజులల్ల తిప్పి పంపాలె, వాళ్లు చెప్పిన మార్పులు లోక్‌సభ ఒప్పుకుంటే ఒప్పుకుంటది లేకుంటే లేదు.

హన్మకొండ_గ్రూప్2: మరి తెలంగాణ బిల్లును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ వద్దన్నది గదా అప్పుడు?

కాజీపేట_బాబాయ్: కొత్త రాష్ట్రం చేసుడు గురించి రాజ్యాంగంల ఉన్న ఆర్టికల్ 3 కింద అసెంబ్లీ అభిప్రాయం అడుగుతరు, గంతే. ఒప్పుకోవాలెనని లేదు.