యేసు "మనిషయ్యాడు" అంటే అవతారం లాంటిదేనా? కొంచెం చెప్పండి

సండేస్కూల్_టీచర్:
అందరికీ వందనాలు. నేను పుట్టినప్పట్నించీ చర్చికెళ్లేదాన్నే, పిల్లలకి పాఠాలు కూడా చెప్తాను. మొన్న క్రిస్మస్‌కి పక్కింటి పిన్నిగారికి కేక్ ఇస్తుంటే "మా రాముడూ కృష్ణుడూ కూడా అవతారాలే కదమ్మా, మీ యేసు కూడా అలాగే అన్నమాట" అన్నారు, ఎంతో ప్రేమగానే అన్నారు, నాకే నోట మాట రాలేదు. మన పాపాల కోసం చనిపోవడానికి వచ్చాడండీ అన్నాను గానీ అది ఎందుకొచ్చాడో చెప్తుంది, మనిషవడం అంటే ఏంటో చెప్పదు కదా. ఇంకోటి, యేసు పట్టుబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో వేదనతో ప్రార్థించిన పాఠం చెప్తుంటే ఒక పాప లేచి "దేవుడికి భయమేస్తుందా టీచర్" అంది. అప్పట్నించీ బుర్రలో ఇదే తిరుగుతోంది.

గోదారిగట్టు:
సిస్టర్, ఆ పాప అడిగిన దానిమీద సంఘం కొన్ని వందల ఏళ్లు వాదించుకుంది తెలుసా. మొదట్లోనే కొందరు ఆయనకి నిజంగా ఒళ్లు లేదు, బాధపడినట్టు కనపడ్డాడంతే అన్నారు. అంటే ఊళ్లో నాటకంలో హరిశ్చంద్రుడి వేషం వేసినాయన కాటిసీనులో అందర్నీ ఏడిపించి తెల్లారేసరికి రంగు కడుక్కుని ఇంటికెళ్లిపోయినట్టు. యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయంలో యేసు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవాలి అని అంత గట్టిగా రాసింది ఇలాంటి మాటలకే. తర్వాత అలెగ్జాండ్రియాలో అరియస్ అనే బోధకుడు ఇంకో వైపు నుంచి వచ్చాడు, కుమారుడు కూడా సృష్టించబడినవాడే అని, దానికి 325లో నికయా అనే ఊళ్లో సంఘ పెద్దలు సభ పెట్టి జవాబు చెప్పారు. 451లో కల్కెదోను ఊళ్లో జరిగిన ఇంకో సభలో తేల్చిందేంటంటే ఆయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి, అయినా ఒక్కడే. సగం సగం కాదు, పాలల్లో నీళ్లు కలిపినట్టూ కాదు.

మీ గెత్సేమనే దగ్గరికొస్తే, 7వ శతాబ్దంలో మాక్సిమస్ అని ఒక సన్యాసి ఉండేవాడు. క్రీస్తుకి దైవచిత్తం ఒక్కటే ఉంది, మనిషి ఇష్టం అంటూ వేరే లేదు అని చక్రవర్తులు ఒప్పించబోతే ఈయన గెత్సేమనే ప్రార్థన చూపించి ఒప్పుకోలేదు. "నా యిష్టము కాదు" అన్నాడంటే ఆయనకంటూ ఒక ఇష్టం ఉండాలి కదా, ఆ గిన్నె, అంటే ముందున్న ఆ బాధ, తాగాలని లేని ఒక మనిషి మనసు ఉండాలి కదా. ఆ మాటకి ఆయన నాలుక కోశారు, కుడిచెయ్యి నరికారు, 662లో దేశం కాని దేశంలో చనిపోయాడు. 681లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆయన చెప్పిందే నిజమంది. కాబట్టి పాపకి ధైర్యంగా చెప్పండి, నిజంగానే భయమేసింది అని.

వాక్యదాహం:
పిన్నిగారి మాటకి నా జవాబు. మా దేవుడు బాధపడ్డాడు అదే తేడా అని మనవాళ్లు గబగబా అనేస్తారు, అది సరికాదు. రాముడు సీత కోసం ఏడ్చాడు, కృష్ణుడికి వేటగాడి బాణం తగిలింది, వాళ్లకీ ఆ కథలున్నాయి, గౌరవంగా వినాలి. తేడా ఎక్కడంటే, మన తెలుగులోనే ఒక మాటుంది చూడండి, కృష్ణుడు అవతారం చాలించాడు అంటాం. ధర్మానికి కష్టం వచ్చినప్పుడల్లా దిగొస్తాడు, పని అయ్యాక చాలిస్తాడు. యేసు గురించి ఆ మాట అనలేం. సమాధిలోంచి లేచాక కూడా మనిషిగానే ఉన్నాడు, కాల్చిన చేప తిన్నాడు, తోమా అనే శిష్యుడికి చేతులు చూపిస్తే మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆ ఒంటితోనే పైకెళ్లాడు. ఒక్కసారే వచ్చాడు, మనిషయ్యాక మనిషిగానే ఉండిపోయాడు, ఇక మానలేదు. నాకైతే క్రిస్మస్ కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యం అనిపిస్తుంది.

నైట్‌డ్యూటీ_అక్క:
నేను నర్సుని. మా నాన్న చివరి వారం మింగలేకపోయేవారు, నీళ్లు పట్టొద్దన్నారు డాక్టరు, దూదిని తడిపి పెదాలకి అద్దేదాన్ని. నాన్న ఆ దూదిని పళ్లతో పట్టుకుని వదిలేవారు కాదు. వేరేవాళ్లకి ఎన్నోసార్లు చేసిన పనే, మా నాన్నకి చేస్తుంటే చెయ్యి వణికింది. అప్పుడు యోహాను సువార్త 19 గుర్తొచ్చింది, సిలువ మీద యేసు దప్పిగొనుచున్నాను అన్నాడు, ఎవరో స్పంజీ చిరకలో (పుల్లటి ద్రాక్షారసంలో) ముంచి నోటికందించారు. ఎన్ని గుడ్ ఫ్రైడేలు విన్నానో ఆ మాట. ఆ రాత్రి అర్థమైంది, ఆ పెదాలు కూడా ఇలాగే పగిలి ఉంటాయి అని. నాన్న ఉన్నచోటికి ఆయన ముందే వెళ్లొచ్చాడు అనిపించింది, నాకు ఆ రాత్రికి అదే ప్రార్థన, వేరే మాటలు రాలేదు.

సండేస్కూల్_టీచర్:
అక్కా, మీది చదివి చాలాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను. అన్నలిద్దరికీ కూడా చాలా థాంక్స్. పొద్దున పిన్నిగారు పూలు కోస్తుంటే గోడ దగ్గర నిలబడి ఆ "చాలించలేదు" అన్న సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి "అయితే ఇప్పటికీ ఆ మేకుల గుర్తులున్నాయా అమ్మా ఆయన చేతులకి" అని అడిగారు. ఉన్నాయండీ అన్నాను.