చలికాలంలో వ్యానులో పడక: హీటర్ బిగించాలా, రగ్గులు చాలవా?

గాజువాక ఈకో:
జనవరిలో లంబసింగి వెళ్ళి ఒక రాత్రి మా ఈకో వ్యానులోనే పడుకోవాలనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ళ బాబు. వెనక సీట్లు తీయించి చెక్కతో మంచంలా చేయించాను. పొద్దెక్కకముందే చెరువులవేనం చేరి మేఘాలు చూడాలని మా కోరిక. సమస్యల్లా చలి. మట్టి కుంపటిలో బొగ్గులు రాజేసి, నిద్రపోయేదాకా బండిలో పెట్టుకోమని మా బావగారి సలహా. బండి పని చేసిన మెకానిక్ డీజిల్ హీటర్ బిగిస్తానంటున్నాడు. ఇంకో రెండు రగ్గులు వేసుకుంటే చాలునని మా ఆవిడ అంటోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఘాట్‌రోడ్డు:
మీ ఆవిడగారు చెప్పిందే సరైనది. నేను నర్సీపట్నం నుంచి ఆ ఘాట్ మీద చాలా ఏళ్ళుగా టూరిస్టు బండి నడుపుతున్నాను. ప్రయాణికులు గదుల్లో ఉంటే నా పడక బండిలోనే. డిసెంబరు, జనవరిలో అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. కొన్ని ఏళ్ళు సున్నా దరిదాపులకు కూడా వెళ్ళింది. అయినా హీటర్ లేకుండా హాయిగా పడుకోవచ్చు, పడక సరిగ్గా వేసుకుంటే.

చాలామంది పైన మూడు రగ్గులు కప్పుకుని, కింద పలచటి దుప్పటి ఒక్కటి పరుచుకుంటారు. వ్యానులో చలి ముందు కిందనుంచే ఎక్కుతుంది. నేల రేకు కింద రాత్రంతా చల్లగాలి ఆడుతూ ఉంటుంది. మీ చెక్క మీద ముందుగా మందపాటి ఫోమ్ చాప వేయండి, యోగా చాపలు రెండు కలిపి వేసినా సరే. దాని మీద బొంత, బొంత మీద ఒక ఉన్ని కంబళి. దూది పరుపును మాత్రమే నమ్ముకోవద్దు, ఒంటి బరువుకు అణిగిపోయి వెచ్చదనం పోతుంది. ఇంత చేశాక పైన రెండు రగ్గులు చాలు.

తరువాత అద్దాలు. ఫోమ్ షీటును ప్రతి అద్దం కొలతకు కొద్దిగా పెద్దదిగా కత్తిరించి బిగుతుగా నొక్కండి. ముందు అద్దాన్ని వదిలేయవద్దు, అన్నింటికన్నా పెద్దది అదే. డ్రైవరు సీటు వెనక ఒక మందపాటి దుప్పటి తెరలా కడితే మీరు పడుకునే చోటు చిన్నదై, మీ ఒంటి వేడే అక్కడ నిలుస్తుంది.

కుంపటి మాట మాత్రం మరిచిపోండి.

కొలరాడో తెలుగు:
ఘాట్‌రోడ్డు గారితో సగమే ఏకీభవిస్తాను. ఇక్కడ డెన్వర్ దగ్గరి కొండల్లో సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కిందున్న రాత్రుల్లో వ్యానులో పడుకుంటాం. డీజిల్ హీటర్ లేనిదే బయలుదేరం. సరైన హీటర్‌లో మంటకు కావలసిన గాలి బయటినుంచి వస్తుంది, పొగ గొట్టం ద్వారా బయటికే పోతుంది. లోపలి గాలి వేడెక్కిన లోహపు పలకల మీదుగా తిరిగి వస్తుందే తప్ప మంటతో కలవదు. రెండు కిలోవాట్ల హీటర్‌ను తక్కువలో పెడితే రాత్రంతటికీ లీటరు డీజిల్ అటూ ఇటూగా సరిపోతుంది.

ఇంకో మేలు చెమ్మ తగ్గడం. ముగ్గురు మనుషులు మూసిన బండిలో ఊపిరి వదులుతుంటే తెల్లారేసరికి పైకప్పు రేకు నుంచి చుక్కలు పడతాయి, రగ్గులు తడుస్తాయి. పెద్దవాళ్ళు రగ్గుల్లో సర్దుకోవచ్చు. ఆరేళ్ళ పిల్లవాడు నిద్రలో దుప్పటి తన్నేస్తాడే, వాడి సంగతేమిటి?

ఏజెన్సీ మాస్టారు:
నేను చింతపల్లి వైపు బడిలో పనిచేస్తున్నాను. కుంపటిని ఒక్క మాటలో కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. ఇక్కడి ఇళ్ళల్లో చలికాలమంతా పొయ్యి నిప్పుల చుట్టూనే పడుకుంటారు. పెద్దలు, పసిపిల్లలు అందరూ. తలుపు సందు తెరిచి పెడితే బండిలో మాత్రం ఎందుకు కుదరదు?

రాత్రి డ్యూటీ:
మాస్టారు గారూ, అడగవలసిన ప్రశ్నే అడిగారు. నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సును. ఆ ఇళ్ళ కప్పుకూ గోడకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంటుంది. పెంకుల సందుల్లోంచి, గడ్డిలోంచి పొగ పోతూనే ఉంటుంది. ఈకో వ్యాను రేకు డబ్బా. రబ్బరు బీడింగ్ వేసిన తలుపులు, పైగా అద్దాలకు ఫోమ్ బిగించమని ఇప్పుడే చెప్పుకున్నాం. ఇల్లు మన్నించిన నిప్పును ఆ కొద్ది చోటు మన్నించదు.

పొగ రాకుండా ఎర్రగా కాలుతున్న బొగ్గును చూసి జనం మోసపోతారు. మంట ఆరి బూడిద కప్పుకున్న నిప్పుల్లోంచే కార్బన్ మోనాక్సైడ్ దండిగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళల్లో సత్తువ పోవడం. మెలకువగా ఉన్నవాడు ప్రయాణపు అలసట అనుకుంటాడు. నిద్రలో ఉన్నవాడికి ఆ అనుమానం వచ్చే అవకాశమే లేదు. నిద్రపోయేదాకా పెట్టుకుని తరువాత తీసేద్దామంటారు. ఆ తీసే మనిషే మత్తులోకి జారుకుంటే?

2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ పర్యాటకులు ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, తలుపులు కిటికీలు మూసిన గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకుని చనిపోయారు. చలికి తట్టుకోలేకే కదా పాపం, పిల్లల కోసమే పెట్టుకుని ఉంటారు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన ఇదే వాయువు లోపలికి చేరిందని నిపుణులు తేల్చారు. ఇలాంటివి చదివిన రోజు నాకు అన్నం సహించదు. ఎందుకంటే తప్పించదగిన చావులు ఇవి.

తలుపు సందు తెరిచి పెట్టడం సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గాలి ఎటు తిరుగుతుందో రాత్రి రెండింటికి మనకు తెలియదు.

కొలరాడో తెలుగు:
కుంపటి విషయంలో రాత్రి డ్యూటీ గారి మాటకు తిరుగులేదు. ఇంజన్ నడుపుతూ పడుకోవడం కూడా అంతే ప్రమాదం. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీ దగ్గర మంచులో చిక్కుకున్న కార్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. పొగ గొట్టాన్ని మంచు కప్పేస్తే ఆ పొగ కారులోకే తిరుగుతుంది. లంబసింగిలో అంత మంచు పడదు, నిజమే. కానీ పాత సైలెన్సర్‌కు చిల్లు పడితే చాలు. నా పోరాటమంతా బయటికి గొట్టం ఉన్న హీటర్ గురించే.

ఘాట్‌రోడ్డు:
ఆ హీటర్ చెడ్డదని నేనూ అనడం లేదు. ఈయన బండి ఈకో, పెట్రోలుది. డీజిల్ హీటర్‌కు వేరే ట్యాంకు పెట్టాలి, నేలకు రంధ్రాలు వేయాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు. రేపు ఏదైనా జరిగితే బీమావాళ్ళు ముందు వెతికేది ఆ రంధ్రాలనే. సీట్లు తీసిన సంగతి కూడా రవాణా కార్యాలయంలో ఒకసారి అడిగి తెలుసుకోండి. పైగా మొదటిసారి హీటర్ బిగించే మెకానిక్ పొగ గొట్టం అతుకు సరిగ్గా వేయకపోతే, కుంపటి మానేసి తప్పించుకున్న ముప్పునే మళ్ళీ తెచ్చుకున్నట్టవుతుంది. ఏడాదికి ఒక రాత్రి కోసం ఇంత అవసరమా?

స్పితికో లడఖ్‌కో చలికాలంలో వెళ్ళేవారి లెక్క వేరు. అక్కడ మామూలు డీజిల్ గడ్డకడుతుందనే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. అలాంటి చోటికైతే కొలరాడో గారి మాటే వింటాను.

వైరింగ్ పని:
విద్యుత్తు మాట ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో వాడే 1500 వాట్ల రూమ్ హీటర్ గురించి ఆలోచించకండి. 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1280 వాట్-అవర్లు. ఆ హీటర్ దాన్ని గంట తిరగకుండానే ఖాళీ చేస్తుంది. అదే 12 వోల్టుల విద్యుత్ దుప్పటి 50 వాట్లది ఎనిమిది గంటలు వాడితే అయ్యేది 400. రెండు దుప్పట్లు వేసినా బ్యాటరీలో మూడో వంతుకు పైగా మిగులుతుంది. తీగకు ఫ్యూజు తప్పనిసరి, దుప్పటిని మడిచి వాడకూడదు. బండి స్టార్ట్ చేసే బ్యాటరీకి మాత్రం కలపవద్దు, తెల్లారి తోసుకోవలసి వస్తుంది.

గాజువాక ఈకో:
అందరికీ ధన్యవాదాలు. కుంపటి ఆలోచన ఇక్కడితో వదిలేశాను, ఈ చర్చను బావగారికి కూడా చదివి వినిపించాను. హీటర్ కూడా ఈ ఏడాదికి లేదు. వంటకు చిన్న గ్యాస్ పొయ్యి తెస్తున్నాం. రాత్రి టీ పెట్టుకునేటప్పుడు లోపల ఒక పది నిమిషాలు వెలిగిస్తే ఫరవాలేదా?

రాత్రి డ్యూటీ:
వద్దు, బయట వెలిగించండి. గ్యాస్ కాలితే నీటి ఆవిరి కూడా వస్తుంది. కిలో గ్యాస్‌కు సుమారు లీటరున్నర నీరు. ఊపిరి చెమ్మకు తోడు ఆ నీరు కూడా మీ రగ్గులను తడుపుతుంది. ఆ పొయ్యి మీదే నీళ్ళు కాచి రబ్బరు వేడినీళ్ళ సంచిలో పోసి, గుడ్డ చుట్టి, పడుకునే అరగంట ముందు రగ్గుల మధ్య పెట్టండి. మరిగే నీళ్ళు పోయవద్దు. బాబును పడుకోబెట్టేముందు దాన్ని కాళ్ళ వైపుకు జరపండి.

దుప్పటి తన్నేస్తాడన్న కొలరాడో గారి భయం నిజమే. రగ్గును మూడు వైపులా కుట్టి సంచిలా చేసి, చంకల దాకా అందులో ఉంచండి. పైన స్వెటర్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, తలకు టోపీ. ముఖం మాత్రం కప్పవద్దు. మధ్యలో పడుకోబెట్టండి. ఎదురెదురు కిటికీలు వేలెడంత తెరిచే ఉంచండి, చెమ్మ అటుగా పోతుంది. ఏ మంటా లేకపోయినా బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి, పక్క బండివాళ్ళు ఇంజన్ నడిపితే?

కొలరాడో తెలుగు:
అలారం విషయంలో నూటికి నూరుపాళ్ళు సరే. హీటర్ మీద నా అభిప్రాయం మారలేదు. చలి సున్నాకు దిగి, పిల్లవాడు తడిసిన రగ్గుతో లేచిన రాత్రి దానికి మించిన రక్షణ లేదు. పొడి బట్టలు ఒక జత, ఇంకో రగ్గు పాలిథీన్ సంచిలో విడిగా ఉంచండి.

ఏజెన్సీ మాస్టారు:
నర్సు గారు చెప్పింది అర్థమైంది, ఇంటినీ బండినీ ఒకే గాటన కట్టకూడదు. బండి ఆపే చోటు గురించి ఒక మాట. పల్లంలో, నీటి పక్కన ఆపవద్దు, చల్లగాలి కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. కాస్త మెరకన, పొద్దుటి ఎండ తగిలేలా ఆపండి. రోడ్డు అంచున అసలే వద్దు. పొగమంచులో ఎదురు బండి దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. చీకటి పడకముందే ఊళ్ళోవాళ్ళను అడిగితే మంచి చోటు చూపిస్తారు.